ఐదో కుర్చీలో కూర్చున్న మనిషి

పోయిన వారం ఆమెను మెట్ల మీద వదిలేసి వచ్చాం. చేతిలో ఒక కాయితం, ఎదురుగా డయాలసిస్ వార్డు తలుపు. తోసుకుని లోపలికి వెళ్లాలో, వచ్చిన దారినే పోవాలో తేల్చుకోలేక రెండో మెట్టు మీదే ఆగిపోయింది.

ఆ కాయితంలో ఉన్నది చిన్న సంగతి కాదు. కిడ్నీలు పనిచేయక, వారానికి మూడుసార్లు ఆ వార్డుకొచ్చి నాలుగేసి గంటలు మెషీన్‌కు చెయ్యి అప్పగించి రక్తం శుభ్రం చేయించుకునేవాళ్లలో ఏడుగురికి హెపటైటిస్ సి పట్టుకుంది. ఏడాది మొదట్లో చేసిన పరీక్షల్లో ఏడుగురికీ లేదు. ఇప్పుడుంది. ఆ ఏడుగురి రక్తంలోని వైరస్‌నూ ఆమె తన ల్యాబులో అక్షరం అక్షరం చదివించింది. ఏడూ ఒక తల్లి పిల్లలే. ఎవరికి వాళ్లు బయట ఎక్కడో అంటించుకున్నది కాదు. ఎవరో ఒకరి నుంచే అందరికీ పాకింది, అదీ ఆ గదిలోనే. పైగా అది ఆరో రకం వైరస్. ఆ చుట్టుపక్కల నూటికి తొంభై మందిలో కనిపించేది మూడో రకం. ఆరో రకం ఉన్నవాళ్లు ఆమె జాబితా మొత్తంలో పదకొండు మందే. సోమవారం నుంచి ఆ పదకొండు ఫైళ్లూ తిరగేస్తూనే ఉంది. వాళ్లలో ఎవరూ డయాలసిస్ వార్డు గడప తొక్కలేదు.

ఆమెది లివర్ జబ్బుల పరిశోధన. పదేళ్లుగా ఆ ఆస్పత్రి మూడో అంతస్తులో ఇదే పని. పేషెంట్లు ఆమెను లివరమ్మ అంటారు. మొదట్లో చిరాకుపడేది కానీ, ఇప్పుడు తనే ఫోన్ ఎత్తి, "నేను లివరమ్మని మాట్లాడుతున్నా" అంటుంది. సూపరింటెండెంటు ఆమెకు శుక్రవారం దాకా గడువిచ్చాడు. ఇవాళ బుధవారం.

ఇక ఆ వార్డును నడిపే పెద్ద సిస్టరు ఎవరో కాదు, ఆమె పెద్దమ్మే. తల్లికి తోడబుట్టిన అక్క. తల్లి పోయిన తర్వాత తొమ్మిదో ఏట నుంచి పెంచి, జడలు వేసి, లెక్కలు తప్పితే వీపు మీద రెండేసి, ఆఖరికి డాక్టరును చేసిన మనిషి.

ఆమె తలుపు తోసింది.

రెండో షిఫ్టు వాళ్లు వెళ్లిపోయారు, మూడో షిఫ్టు వాళ్లు ఇంకా రాలేదు. తొమ్మిది కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. గదంతా బ్లీచింగ్ వాసన. ఒక చిన్న నర్సు మెషీన్ల మొహాలు తుడుస్తోంది. ఆ వార్డులో ఈగ వాలాలన్నా చేతులు కడుక్కునే వాలాలని ఆస్పత్రిలో జోకు. పెద్దమ్మ చేతి గడియారం పెట్టుకోదు, ఉంగరం పెట్టుకోదు, గోళ్లు చర్మంలో కలిసిపోయేదాకా కత్తిరిస్తుంది. అరవైకి దగ్గరపడినా నడకలో చప్పుడుండదు.

"ఏంటమ్మాయ్, మెట్ల మీద పావుగంట నుంచి నిలబడ్డావట. ఆయా చెప్పింది. మోకాళ్ల నొప్పా?"

"రిజల్టు వచ్చింది పెద్దమ్మా."

పెద్దమ్మ చేతిలోని కత్తెరను ట్రేలో పెట్టింది. "చెప్పు."

"ఏడుగురిదీ ఒకటే. ఒకరి నుంచే అందరికీ వచ్చింది. ఇక్కడే వచ్చింది."

"నా వార్డులోనా?"

"నీ వార్డులోనే."

"ఇంకోసారి చూశావా?"

"మూడుసార్లు చూశాను."

గొడవ పడుతుందనుకుంది ఆమె. కనీసం, నీ మెషీన్లు పాడైపోయుంటాయి, నా వార్డు జోలికి రాకు అని కసురుతుందనుకుంది. పెద్దమ్మ అదేమీ చేయలేదు. చిన్న నర్సును పిలిచి, "వాళ్లొస్తే బరువులు చూసి కూర్చోబెట్టు. నేను పిలిచేదాకా స్టోర్ రూముకు ఎవరూ రావద్దు" అంది. అలమారలోంచి రెండు లావుపాటి రిజిస్టర్లు తీసి చంకలో పెట్టుకుంది. "రా, చూద్దాం. ఇది నేను కూడా చూడాల్సిందే."

స్టోర్ రూములో గొట్టాల అట్టపెట్టెలు, సెలైన్ క్యాన్లు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఉన్నది ఒక్కటే స్టూలు. దాని మీద రిజిస్టర్లు పెట్టి ఇద్దరూ చెరొక అట్టపెట్టె మీద కూర్చున్నారు. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుంది.

"మొదట ఆ ఏడుగురూ చెప్పు."

"నీకు తెలీదా?"

"తెలుసు. నీ నోటితో చెప్పు, నేను టిక్కు పెడతాను."

ఆమె చెప్పింది. బ్యాంకు అమ్మాయి. బస్సు కండక్టరు. లెక్చరరు. కవల పిల్లల తల్లి. ఫోటో స్టూడియో ఆయన. రిటైరైన పోస్టుమాస్టరు. వడ్రంగి. చెబుతుంటే ఒక్కొక్కరి మొహం కళ్ల ముందు మెదిలింది. ఈ జబ్బుకు ఇప్పుడు మందుంది, పన్నెండు వారాలు బిళ్లలు మింగితే నూటికి తొంభై అయిదు మందికి పోతుంది. అయినా తేలిగ్గా తీసిపారేసేది కాదు. బ్యాంకు అమ్మాయికి తమ్ముడు కిడ్నీ ఇవ్వడానికి సిద్ధమయ్యాడు, వచ్చే నెలలో జరగాల్సిన ఆపరేషన్ ఈ వైరస్ తేలాక వాయిదా పడింది. కండక్టరు లివరు అంతకు ముందే దెబ్బతిని ఉంది. ఇప్పుడు పొట్టలో నీరు చేరి మగవాళ్ల వార్డులో మంచం మీదున్నాడు. పొద్దున ఆమె చూడ్డానికి వెళితే, "ఏంటి డాక్టరమ్మా, టిక్కెట్టు చింపేసినట్టేనా?" అని నవ్వాడు. నవ్వితే కళ్లు ఇంకా పచ్చగా కనిపించాయి.

"వీళ్లలో నలుగురు సోమ, బుధ, శుక్రవారాల వాళ్లు" అంది పెద్దమ్మ, టిక్కులు పెడుతూ. "ముగ్గురు మంగళ, గురు, శనివారాలు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోనే చూసుకోరు. నువ్వేమో ఒకరి నుంచే అంటున్నావు."

"ఏడుగురూ ఒకే పూట ఇక్కడున్న రోజు ఏదైనా ఉందా?"

పెద్దమ్మ పేజీలు వెనక్కి తిప్పింది. రోజూ చూసే పుస్తకమే అయినా వేలు పెట్టి వరస వరసా చదివింది. నాలుగు నెలల వెనక్కి వెళ్లాక వేలు ఆగింది.

"ఉంది. ఒక్క రోజు. బుధవారం నీళ్లు శుభ్రం చేసే ప్లాంటు పాడైంది. ఆ పూట వాళ్లను గురువారం సర్దాను. రెండో షిఫ్టు. తొమ్మిది కుర్చీలూ నిండిపోయాయి. ఇద్దరు నర్సులు సెలవు. నేనూ, ఇంకొక పిల్లా." కళ్లజోడు పైనుంచి చూసింది. "ఆ రోజు నాకు బాగా గుర్తుంది. నీళ్లు తాగడానికి కూడా కూర్చోలేదు."

"తొమ్మిది మందిలో ఏడుగురు వీళ్లు. మిగతా ఇద్దరు?"

"ఒకరు పెద్ద టీచరమ్మ. ఆవిడకు రాలేదుగా."

"రాలేదు. నిన్న కూడా పరీక్ష చేశాను, శుభ్రంగా ఉంది. ఎందుకు రాలేదంటావు? అదే గది, అదే పూట. చుట్టూ ఉన్న ఏడుగురికీ వచ్చింది. ఆవిడకు ఏం తేడా జరిగింది?"

పెద్దమ్మ టీచరమ్మ వరస మీద వేలు పెట్టి పక్కకు జరుపుతూ పోయింది. బరువు, బీపీ, గంటలు. ఒక గడి దగ్గర వేలు నిలిచిపోయింది.

"హెపారిన్ ఇవ్వలేదు" అంది మెల్లగా. "ముందు రోజు పన్ను పీకించుకొచ్చింది. రక్తం ఆగదని నేనే వద్దన్నాను."

హెపారిన్ అంటే గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు. ఆ పూట ఆ గదిలో ఏడుగురికి ఇచ్చి, టీచరమ్మకు ఇవ్వనిది అదొక్కటే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"విడి డోసుల సప్లై ఆగిపోయిన నెల అది" అంది పెద్దమ్మ. "పెద్ద సీసాలే వచ్చాయి. ఒక్క సీసాలోంచే షిఫ్టు మొత్తానికీ తీయాలి. ఈ గదిలోనే, ఇదిగో ఈ సింకు పక్క గట్టు మీద, ఎవరి సిరంజి వాళ్లకు లోడ్ చేశాను. ఎనిమిది కొత్త సిరంజులు, ఎనిమిది కొత్త సూదులు. మొదటి డోసు అదీ."

"తర్వాత?"

"తర్వాత గంటకోసారి ఇంకొంచెం ఇవ్వాలి. సీసా ట్రాలీలో పెట్టుకుని బయటికి తీసుకెళ్లాను." కళ్లజోడు తీసింది. ఎక్కడో దూరంగా ఉన్నదాన్ని చూస్తున్నట్టు కళ్లు చిట్లించింది. "ఐదో కుర్చీలో గొట్టంలో రక్తం చిక్కబడిపోయింది. అరగంటకే. గడ్డకడితే ఉన్న రక్తమంతా పోతుంది. పక్కనే కండక్టరుకు బీపీ పడిపోతోంది, ఆ పిల్ల అటు పరిగెత్తింది. నేను ఐదో కుర్చీకి ఇచ్చిన సిరంజితోనే..."

ఆగింది.

"సూది మార్చాను" అంది. "అది నాకు ఖాయంగా గుర్తుంది. పాతది డబ్బాలో పడేసి కొత్త సూది పెట్టాను. సిరంజి మార్చలేదు. అదే సిరంజి సీసాలో పెట్టి మళ్లీ లాగి ఐదో కుర్చీకి ఇచ్చాను. అరగంట తర్వాత అదే సీసాలోంచి మిగతా ఏడుగురికీ."

బయట మూడో షిఫ్టు వాళ్లు ఒక్కొక్కరే వస్తున్న అలికిడి. ఎవరో చెప్పులు విడుస్తున్నారు, ఎవరో ఎండను తిట్టుకుంటున్నారు.

"సూది మారిస్తే చాలదని నేనే ప్రతి కొత్త పిల్లకీ చెబుతాను" అంది పెద్దమ్మ. "ముప్పై ఆరేళ్లుగా చెబుతున్నాను. గొట్టంలో రక్తం సిరంజి మెడలోకి వస్తుంది, కంటికి కనబడదు, సూది మార్చి లాభం లేదు. ఈ మాటలు నావే. రాసుకో."

"పెద్దమ్మా..."

"రాసుకోమంటున్నానా? మళ్లీ నా మాట నేనే మార్చేయొచ్చు. మనిషిని కదా, రేపు పొద్దున్నకు ఇంకోలా గుర్తుకు రావచ్చు. ఇప్పుడే రాయి."

ఆమె రాసింది. తేదీ, షిఫ్టు, సీసా, సిరంజి. అక్షరాలు చిన్నవైపోయాయి. రాయడం అయ్యాక పెద్దమ్మ ఆ కాయితం తీసుకుని చదివి, ఒకచోట 'అనుకుంటాను' అని ఉన్న మాట కొట్టేసి, కింద సంతకం పెట్టింది. ఆ సీసా ఆ షిఫ్టుతోనే ఖాళీ అయింది, అదొక్కటే అదృష్టం, లేకపోతే మూడో షిఫ్టు వాళ్లు కూడా ఈ లెక్కలో చేరేవాళ్లు అంది.

"ఇక ఐదో కుర్చీ" అంది ఆమె. "తొమ్మిదో మనిషి. వైరస్ తెచ్చినవాళ్లు వాళ్లే అయి ఉండాలి. ఎవరు?"

పెద్దమ్మ రిజిస్టరు మూసేసింది.

"అది అనవసరం. ఒక్క పూటకు వచ్చిన బయటి పేషెంటు. మళ్లీ రాలేదు."

"అనవసరం ఎలా అవుతుంది? అసలు అక్కడే కదా మొదలు."

"తప్పు నా చేతిది. ఎవరు కూర్చుంటే ఏముంది? రాజు కూర్చున్నా, బంటు కూర్చున్నా సిరంజి మార్చాల్సింది నేను."

"పెద్దమ్మా, చెయ్యి తియ్యి."

చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద తను చెయ్యి పెట్టుకుంటే పెద్దమ్మ సరిగ్గా ఇలాగే అనేది. ఇప్పుడు అటూ ఇటూ తారుమారైంది. పెద్దమ్మ చెయ్యి తీసింది. ఆమె పుస్తకం తెరిచి ఐదో వరస చదివింది. పెద్దమ్మ గుండ్రటి చేతిరాత. 'అత్యవసరం. బయటి పేషెంటు. టైలరు. హెపటైటిస్: నెగిటివ్ (ఫోన్‌లో చెప్పారు).'

"ఫోన్‌లో ఎవరు చెప్పారు?"

అడుగుతూనే ఆమెకు జవాబు తెలిసిపోయింది. 'టైలరు' అన్న మాటను ఇంకోసారి చదివింది.

నాలుగు నెలల కిందటి ఆ గురువారం మధ్యాహ్నం టైలరు ఆమె గదిలో ఉన్నాడు. భార్యకు హెపటైటిస్ సి ఉంది. ఒకరికి ఉంటే ఇంట్లో మిగతావాళ్లకు ఎలా పాకుతుందన్నదే ఆమె ఇప్పటి పరిశోధన. మూడు వందల ఇళ్లు. ఆ లెక్కలో టైలరు కూడా రక్తం ఇవ్వడానికి వచ్చాడు. ఆయనకు డయాలసిస్ ఊరికి అటు చివర ఉన్న వేరే సెంటర్లో. అక్కడ మెషీన్లు పాడై రెండు పూటలు తప్పిపోయాయి. కాళ్లు ఉబ్బి, మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందక, కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఆమె వరండాలోకి వచ్చి కిందికి ఫోన్ చేసింది. పెద్దమ్మా, ఒక్క కుర్చీ ఇవ్వు, మనిషి నీళ్లతో నిండిపోయాడు. రిపోర్టుందా అని పెద్దమ్మ అడిగింది. నెగిటివే, కూర్చోబెట్టు అంది ఆమె.

నెగిటివ్ వచ్చింది నిజమే. కానీ అది యాంటీబాడీ పరీక్ష. వైరస్ ఒంట్లో చేరిన రెండు వారాలకే రక్తంలో తిరుగుతుంది. దాన్ని ఎదిరించే యాంటీబాడీలు పుట్టి పరీక్షకు అందడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ మధ్య కాలంలో పరీక్ష నెగిటివ్ అంటుంది, మనిషి మాత్రం అంటిస్తూనే ఉంటాడు. ఏటా కొత్త విద్యార్థులకు ఆమె మొదటి క్లాసు ఇదే. 'నెగిటివ్ అంటే లేదని కాదు, ఇంకా కనబడలేదని.' అసలు వైరస్ ఉందో లేదో చూసే పరీక్షకు టైలరు రక్తం తీసి ఫ్రీజరులో పెట్టింది. మూడు వందల ఇళ్లవీ పోగయ్యాక అన్నీ కలిపి ఒకేసారి చేద్దామని. ఇంకా చేయలేదు.

ఇక ఆ పదకొండు ఫైళ్లలో నాలుగోది టైలరు భార్యది. మూడు రోజులుగా ఆ పదకొండు మందినీ అనుమానించింది కానీ, వాళ్ల ఇళ్లలోవాళ్లు తట్టలేదు.

"నేనే" అంది ఆమె.

"మనిషికి ఊపిరాడట్లేదన్నావు. కూర్చోబెట్టకపోతే సాయంత్రానికి పోయేవాడు. అందులో తప్పేముంది?"

"కూర్చోబెట్టమనడం తప్పు కాదు. రిపోర్టు ఇంకా రాలేదని చెప్పాల్సింది. నెగిటివ్ అన్నాను. నువ్వు నా మాట నమ్మావు."

"నమ్మకపోయినా సిరంజి మార్చాల్సిందే కదమ్మాయ్." పెద్దమ్మ గొంతు తగ్గించింది. "చూడు. ఏడుగురికీ నా ఒక్క చెయ్యి చాలు. నేను ఇవాళ కాకపోతే రేపు ఇంటికి పోయే మనిషిని. నీ పేరు దీన్లోకి దేనికి? మూడు వందల ఇళ్లవాళ్లు నీ పుస్తకంలో ఉన్నారన్నావు. అది ఆపేస్తారు. ఆపేస్తే ఎవరికి లాభం?"

"నన్ను అబద్ధం రాయమంటున్నావా?"

"రాయొద్దంటున్నా. అబద్ధం రాయడం వేరు, రాయకుండా ఉండటం వేరు."

"నా లెక్కల పుస్తకంలో సున్నా చెరిపేసినందుకు అట్లకాడ విరిగేలా కొట్టింది నువ్వే."

పెద్దమ్మకు నవ్వు రాబోయి ఆగిపోయింది. లేచి, సింకు దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా సబ్బు రాసుకుని, ఒక నిమిషం పాటు చేతులు కడుక్కుంది. "తొమ్మిది మంది కూర్చున్నారు బయట" అని వార్డులోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆమె ఫ్రీజరు తెరిచింది. ల్యాబులో పాతికేళ్లుగా పనిచేస్తున్న టెక్నీషియను ఆశ్చర్యపోయాడు. "అన్నీ కలిపి చేద్దామన్నారు కదా మేడమ్? ఒక్కదానికోసం మెషీను తిప్పడమా?" అన్నాడు. "ఒక్కటే" అంది ఆమె. ట్యూబు కరిగించి, వైరస్ జన్యువును వేరుచేసి, మెషీన్లో పెట్టి, నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో ఆమె రిపోర్టు మొత్తం రాసేసింది, ఒక్క పేరా తప్ప. పన్నెండున్నరకు తెర మీద గీత లేచింది. ఆలస్యంగా కాదు, చాలా ముందే లేచింది. అంటే ఆ రోజు టైలరు రక్తంలో వైరస్ కుప్పలు తెప్పలుగా ఉంది. రకం చూసింది. ఆరు. అక్షరం అక్షరం పోల్చడానికి ఇంకో వారం పడుతుంది కానీ, ఏం తేలుతుందో ఆమెకు తెలుసు. టెక్నీషియను కూడా తెర చూశాడు. కుర్చీ ఒకటి ఆమె వెనక్కి జరిపాడు. ఆమె కూర్చోలేదు.

సూపరింటెండెంటు గదిలో ఏసీ చప్పుడు చేస్తోంది. ఆయన బల్ల మీద అప్పటికే ఒక ఉత్తరం ఉంది. గుండ్రటి చేతిరాత.

"మీ పెద్దమ్మ గారు పొద్దున్నే ఇచ్చి సెలవు పెట్టి వెళ్లారు" అన్నాడాయన. "మొత్తం ఒప్పుకున్నారు. సిరంజి, సీసా, అన్నీ. నిప్పులాంటి మనిషి. ఇలా జరగడం బాధే. కానీ ఒక రకంగా మనకు తేలికైంది. మీరు దీనికి మీ ల్యాబు రిజల్టు జతచేస్తే ముగిసిపోతుంది."

"వైరస్ ఎవరి నుంచి వచ్చిందో అందులో ఉందా సార్?"

"బయటి పేషెంటు అని ఉంది. గుర్తు లేదన్నారు."

"నాకు గుర్తుంది." టెక్నీషియను ప్రింటు తీసిచ్చిన కాయితం ఆయన ముందు పెట్టింది. "పంపించింది నేను. రిపోర్టు పూర్తిగా రాకముందే నెగిటివ్ అని చెప్పింది నేను."

ఆయన కాయితం చదివాడు. తర్వాత తలుపు మూసి ఉందో లేదో చూశాడు.

"డాక్టరు గారూ, ఇది కమిటీకి వెళితే మీ పరిశోధన ఆ రోజే ఆగిపోతుంది. మూడు వందల ఇళ్లు, నాలుగేళ్ల పని. తెలుసు కదా?"

"తెలుసు."

"సిస్టరు గారు ఎలాగూ ఒప్పుకున్నారు. ఆవిడ ఒప్పుకున్నది అబద్ధం కూడా కాదు. మీరొక పేరా తగ్గించినంత మాత్రాన ఆ ఏడుగురికి జరిగే వైద్యంలో తేడా ఏమీ ఉండదు."

అది నిజమే. నిన్న పెద్దమ్మ కూడా ఇంచుమించు ఇదే అంది, అందుకే రాత్రంతా ఆ మాట ఆమెను వదల్లేదు. ఆ ఏడుగురి వరకు చూసుకుంటే ఆ పేరా ఉన్నా లేకపోయినా ఒకటే. కానీ ఏడుగురే కాదు కదా. మెషీను తిరుగుతుండగా టైలరు ఫైలులో ఫోన్ నంబరు కోసం వెతికితే మొదటి పేజీలోనే కనిపించింది. డయాలసిస్: మంగళ, గురు, శని. మధ్యాహ్నం షిఫ్టు. నాలుగు నెలలుగా ఆయన తన పాత సెంటరుకే వెళుతున్నాడు. తనకు జబ్బుందని ఆయనకే తెలీదు, వాళ్లకెలా తెలుస్తుంది? ఇవాళ గురువారం. తెర మీద గీత లేవగానే ఇంటికి ఫోన్ చేస్తే భార్య ఎత్తింది. "ఇప్పుడే బయల్దేరారండీ. ఫోన్ ఇక్కడే వదిలేసి పోయారు. ఏమైనా రిపోర్టు వచ్చిందా?" అంది. వచ్చింది, నేనే వచ్చి చెబుతాను అంది ఆమె.

ఇప్పుడు ఆ సంగతి సూపరింటెండెంటుకు చెప్పింది.

"వాళ్ల సెంటరు వాళ్ల తలనొప్పి" అన్నాడాయన. "ఉత్తరం రాద్దాం. పద్ధతి ప్రకారం."

"ఉత్తరం చేరేలోపు ఆయన ఇంకో ఆరుసార్లు కుర్చీ ఎక్కుతాడు సార్."

ఆమె రిపోర్టు ఆఖరి పేజీ తిప్పి, ఆయన బల్ల మీదే, ఖాళీగా వదిలిన చోట నాలుగు వాక్యాలు రాసింది. చదివి వినిపించలేదు. సంతకం పెట్టి ఆయన వైపు తోసింది. తర్వాత బల్ల మీది ఫోను తన వైపు తిప్పుకుని టైలరు వెళ్లే సెంటరు నంబరు నొక్కింది. ఆయన పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు.

చాలాసేపు మోగాక ఒక ఆడగొంతు ఎత్తింది. ఆమె తనెవరో చెప్పి, టైలరు పేరు చెప్పి, దయచేసి ఆయన్ను ఇవాళ మెషీను మీదికి ఎక్కించకండి, నేను వచ్చి అంతా వివరంగా చెబుతాను అంది.

"ఆయనా? ఆయన బయట బెంచీ మీదున్నారు" అంది ఆ గొంతు విసుగ్గా. "మీ ఆస్పత్రి నుంచే ఒకావిడ వచ్చి అరగంట నుంచి ఎక్కనివ్వట్లేదు. ఎవరండీ ఆవిడ? ముందు ఆవిడను తీసుకెళ్లండి, మా పని మమ్మల్ని చేసుకోనివ్వట్లేదు."

వెనక ఎవరో అరుస్తున్నారు. ఫోను చేతులు మారిన చప్పుడు.

"అమ్మాయ్" అంది పెద్దమ్మ. గొంతు మామూలుగానే ఉంది, వార్డులో బీపీ ఎంతో చెప్పినట్టు. "నీ పేరు రాకుండా చక్కబెట్టేద్దామని వచ్చాను. కుదరలేదు. టైలరును ఆపాను కానీ అది చాలదు. ఆయన పక్క కుర్చీలో రోజూ కూర్చునే ముసలాయన రిపోర్టు గోడకు తగిలించి ఉంటే చదివాను. లివరు పరీక్ష ఉండాల్సినదానికి నాలుగింతలుంది. రెండు నెలల నుంచీ ఉందట. ఎవరూ పట్టించుకోలేదు."

"ఆ ముసలాయన ఇప్పుడెక్కడున్నాడు?"

"మెషీను మీద. మొదటి డోసు ఇచ్చేశారు."

"వాళ్లు మందు ఎలా ఇస్తున్నారు పెద్దమ్మా? విడి డోసులా?"

"పెద్ద సీసా. ట్రాలీ మీద, నా ఎదురుగానే. ముసలాయన గొట్టంలో రక్తం చిక్కబడిందని ఇప్పుడే అన్నారు. ఇక్కడి కుర్రాడు ఆ సిరంజికే సూది మారుస్తున్నాడు. పన్నెండు మంది వరసగా చేతులు చాపి కూర్చున్నారు. నేను ట్రాలీకి అడ్డం నిలబడ్డాను, ఇద్దరు వచ్చి నా భుజం పట్టుకున్నారు."

"ఎంతసేపు ఆపగలవు?"

ఫోను ఎక్కడో బల్ల మీద పెట్టిన చప్పుడైంది. దూరం నుంచి పెద్దమ్మ గొంతు, ఈసారి ఆమెతో కాదు, ఇంకెవరితోనో, చాలా మర్యాదగా వినిపించింది.

"బాబూ, ఆ సీసా ఇలా ఇవ్వు."

ఆ తర్వాత ట్రాలీ చక్రాలు కదిలిన చప్పుడు.